తొలి ఉద్యోగంలో చేరుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి 16 ఏళ్లయింది. ఏటా జూన్, జులై వచ్చేసరికి మా టీమ్‌లోకి నలుగురైదుగురు కొత్త పిల్లలు వస్తారు. నరసరావుపేట, సిరిసిల్ల, మదనపల్లె, పలాస, ఇలా ఎక్కడెక్కడి నుంచో. చదువులో ఎవరూ తక్కువ కాదు. కానీ మొదటి ఆరు నెలలు వాళ్లు పడే టెన్షన్ చూస్తుంటే నా తొలి రోజులు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. టీ తాగేటప్పుడు వాళ్లు నన్ను అడిగినవే ఇక్కడ ప్రశ్నలుగా పెట్టాను. జవాబుల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది: నోరు తెరిచి, సమయానికి చెప్పండి. పనిమంతులైన పిల్లలకు చెడ్డపేరు రావడం నేను చూసినప్పుడల్లా కారణం దాదాపుగా అదే, చెప్పాల్సింది చెప్పకపోవడం.

మొదటి రోజు ఏం వేసుకోవాలి?

ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన మెయిల్‌లో డ్రెస్ కోడ్ రాసి ఉంటే అదే. లేకపోతే మగపిల్లలు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లు. ఆడపిల్లలు చుడీదార్ కానీ, కుర్తీ కానీ, ఫార్మల్స్ కానీ. కొత్త బట్టలే కొనాలని లేదు. హాస్టల్ సందు చివర ఇస్త్రీ బండి ఉంటుంది, ముందు రోజు సాయంత్రం ఇచ్చి తెచ్చుకోండి. కొత్త బూట్లు కొంటే మాత్రం రెండు రోజులు ముందుగా వేసుకుని నడవండి. మొదటి రోజంతా ఈ ఫ్లోర్ నుంచి ఆ ఫ్లోర్‌కి తిప్పుతూనే ఉంటారు. మడమ కొట్టుకుపోతే మిగతావేవీ చెవికెక్కవు.

వారం గడిచాక చుట్టూ చూడండి, టీషర్టులు, జీన్స్ కనిపిస్తాయి. అప్పుడు మీరూ వేసుకోవచ్చు. క్లయింట్ వచ్చే రోజు, వీడియోలో మాట్లాడే రోజు చొక్కానే. బైక్ మీద వచ్చేవాళ్లు సీట్లో కూర్చునే ముందు ముఖం కడుక్కుని తల దువ్వుకోండి.

ఆఫీసుకి ఎన్నింటికి చేరాలి? ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే?

చెప్పిన టైముకి పది నిమిషాల ముందు. మొదటి నెలలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మీ పని ఎలా ఉంటుందో ఇంకా ఎవరికీ తెలియదు, వచ్చే టైము మాత్రం అందరికీ కనపడుతుంది. వానాకాలంలో హైటెక్ సిటీ వైపు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అరగంట ఇట్టే పోతుంది. వీలైతే మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి అక్కణ్ణుంచి షేర్ ఆటో పట్టుకోండి. మియాపూర్ వైపు నుంచో, ఎల్బీ నగర్ వైపు నుంచో వచ్చేవాళ్లు అమీర్‌పేటలో లైన్ మారాలి, ఆ నడకనూ లెక్కలో వేసుకోండి.

ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే మెసేజ్ పెట్టండి: "వర్షం వల్ల ఇక్కడ ఆగిపోయాను, 10:20కి వస్తాను." తొమ్మిదిన్నరకి పెట్టిన ఈ మెసేజ్‌కి ఎవరూ ఏమీ అనరు. ఇదే మాట పదిన్నరకి ఎదురుగా నిలబడి చెబితే సాకులా వినపడుతుంది.

మేనేజర్‌ని సార్ అనాలా, పేరు పెట్టి పిలవాలా?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎక్కువగా పేరు పెట్టే పిలుస్తారు. తండ్రి వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి మీకు నోరు రాకపోవచ్చు, నాకూ మూడు నెలలు పట్టింది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు పేరు, తెలుగులో మాట్లాడేటప్పుడు పేరు చివర 'గారు' చేర్చి మీరు అనండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, కాలేజీలు, కుటుంబ సంస్థల్లో అయితే సార్, మేడమ్ అనడమే పద్ధతి.

అన్నా, అక్కా అనే పిలుపులు టీ దగ్గర బాగుంటాయి. మీటింగులో వద్దు, తెలుగు రానివాళ్లకు అక్కడ ఏదో జట్టు ఉన్నట్టు అనిపిస్తుంది. అలాగే పక్కన తమిళమ్మాయో, ఒడిశా అబ్బాయో నిలబడి ఉన్నప్పుడు మనం తెలుగులోనే మాట్లాడుకుంటూ పోతే వాళ్లు మెల్లగా దూరమైపోతారు.

ఇంకొకటి. సెక్యూరిటీ అతన్నీ, మీ బల్ల తుడిచే ఆవిణ్ణీ మీరు అనండి. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు యాభై ఏళ్ల మనిషిని "ఏయ్, ఇటు రా" అనడం విన్నాను. ఆ మాట అన్నవాళ్లు ఎంత బాగా కోడ్ రాసినా నాకు గౌరవం కలగదు.

నాకు ఇంగ్లీషు సరిగా రాదు. తెలుగు మీడియంలో చదివాను. ఎలా నెట్టుకురావాలి?

అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువమంది రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకునేదీ దీని గురించే. నేను పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను, అందుకని ధైర్యంగా చెబుతున్నాను: ఆఫీసులో అక్కరకొచ్చే ఇంగ్లీషు చాలా చిన్నది. రోజూ అవే రెండు మూడు వందల మాటలు. ఏం చేశాను, ఏం చేస్తున్నాను, ఎక్కడ ఆగింది, ఎప్పటికి అవుతుంది. ఈ నాలుగూ చిన్న చిన్న వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. ఉచ్చారణ గురించి బెంగ వద్దు. అమెరికా యాస పెట్టుకుని మాట్లాడితే మనకీ తడబాటే, వినేవాళ్లకీ కష్టమే. నిదానంగా, గట్టిగా, వాక్యం చివరిదాకా మింగకుండా మాట్లాడండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. అర్థం కాకపోయినా "యస్, ఓకే" అనేయడం. మనకు చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్లు చెబుతుంటే తలూపడం అలవాటు. అవతలివాళ్లు ఆ తలూపుని 'అర్థమైంది, చేస్తాను' అని తీసుకుంటారు. మూడో రోజు అడిగితే పని మొదలే కాలేదని తెలుస్తుంది. అందుకని విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే నేను ముందు ఈ రిపోర్టు చేసి, శుక్రవారం లోపు మీకు పంపాలి, అంతేనా?" తప్పుగా విని ఉంటే అక్కడికక్కడే సరిదిద్దుతారు.

మనం రోజూ వాడే మూడు మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు సందేహం, అమెరికా వాళ్లకు మీరు వాళ్ల మాట నమ్మట్లేదని వినపడుతుంది. "క్వశ్చన్" అనండి. "ప్లీజ్ రివర్ట్" అంటే మనకు జవాబివ్వమని, కానీ సాఫ్ట్‌వేర్‌లో రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం. "రిప్లై" అంటే గొడవే లేదు. "ప్రీపోన్" మన దేశం దాటితే చాలామందికి తెలియదు, "అనుకున్న టైము కంటే ముందే మీటింగ్ పెడదాం" అనే అర్థం వచ్చే సాదా వాక్యం రాయండి.

తేదీ కూడా. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికాలో మే 6. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఎవరూ తప్పు చదవరు.

ప్రతి చిన్నదీ అడిగితే నాకేమీ రాదనుకుంటారేమో?

నా కథ చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఒక రిపోర్టు నడిపి ఫలితం పంపమన్నారు. నడిపితే ఎర్ర అక్షరాల్లో ఏదో ఎర్రర్. నా కోడ్‌లోనే తప్పుందనుకున్నాను. ఆ రోజంతా చూశాను. మర్నాడు మొత్తం చెరిపేసి మళ్లీ రాశాను. పక్క సీట్లో సీనియర్ ఉన్నారు, కుర్చీ తిప్పితే చాలు. తిప్పలేదు. ఆయన ఇటు చూసినప్పుడల్లా నేను ఏదో చదువుతున్నట్టు స్క్రీన్‌లోకి వంగేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు. మూడో రోజు సాయంత్రం మా టీమ్ లీడ్ వచ్చి నా వెనక నిలబడి ఒక్కసారి చదివి, "నీకు ఈ సర్వర్‌కి యాక్సెసే ఇవ్వలేదు కదయ్యా" అన్నారు. రెండు నిమిషాల్లో రిక్వెస్టు పెట్టించారు, గంటలో పని అయిపోయింది. కోప్పడలేదు. "మొన్నే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి నేను పాటించేదీ, మా పిల్లలకు చెప్పేదీ ఒకటే: అరగంట సొంతంగా ప్రయత్నించండి, కదలకపోతే అడగండి. అయితే అడిగే పద్ధతి ఉంది. "సార్, రావట్లేదు" అంటే ఎదుటివాళ్లు ఏం చేయగలరు? నాలుగు ముక్కలు ఉండాలి: ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏమేం ప్రయత్నించారు, ఎక్కడ ఆగారు. ఇలా:

"ఏప్రిల్ రిపోర్టు నడుపుతుంటే పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తోంది, స్క్రీన్‌షాట్ పెట్టాను. పాస్‌వర్డ్ మార్చి చూశాను, మార్చి నెల రిపోర్టు కూడా నడిపి చూశాను, అదే ఎర్రర్. నాకు ఈ సర్వర్‌కి యాక్సెస్ ఉందో లేదో ఎలా చూసుకోవాలి?"

దీన్ని చదివిన ఏ సీనియర్ కూడా మిమ్మల్ని తక్కువగా చూడరు. చెప్పిన జవాబు పుస్తకంలో రాసుకోండి. ఒకే సంగతి మూడోసారి అడిగినప్పుడే చిరాకు పడతారు. మొదటిసారి అడిగినప్పుడు చిరాకు పడితే తప్పు వాళ్లది, మరొకరిని అడగండి.

పొద్దున స్టాండప్ మీటింగులో ఏం చెప్పాలి?

స్టాండప్ అంటే టీమంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగు. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఏం అడ్డుపడుతోంది. ఒక నిమిషం చాలు. ముందే కాగితం మీద మూడు లైన్లు రాసుకుంటే గొంతు వణకదు. "నిన్నటి పనే కంటిన్యూ చేస్తున్నాను" అని రోజూ అనకండి. ఎంత అయింది, ఎంత మిగిలింది చెప్పండి.

మెయిల్ ఎలా రాయాలి?

సబ్జెక్టు చూడగానే విషయం తెలియాలి. 'అర్జెంట్', 'హాయ్', 'ఫైల్' లాంటివి సబ్జెక్టులు కావు. 'ఏప్రిల్ రిపోర్టు: బుధవారం లోపు మీ అనుమతి కావాలి' అంటే తెరవకముందే సగం పని అయిపోతుంది. లోపల మొదటి వాక్యంలోనే మీకేం కావాలో చెప్పండి, కారణాలు ఆ తర్వాత. మన లెటర్ రైటింగ్ అలవాటు దీనికి ఉల్టా. క్షేమసమాచారం, ఉపోద్ఘాతం, ఆఖర్న విన్నపం. ఫోన్‌లో చదివే మేనేజర్ ఆఖరి దాకా రారు. "డూ ద నీడ్‌ఫుల్" (చేయాల్సింది చేయండి) అని వదిలేస్తే ఎవరు ఏం చేయాలో తెలియదు, ఆ పనేదో పేరు పెట్టి రాయండి.

అటాచ్‌మెంట్ ముందు పెట్టి, మెయిల్ తర్వాత రాసి, ఎవరికి వెళ్తుందో చిట్టచివర నింపండి. ఈ వరస పాటిస్తే సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లిపోవడం ఉండదు. కోపంగా ఉన్నప్పుడు రాసింది డ్రాఫ్ట్‌లోనే ఉంచి, మర్నాడు పొద్దున చదవండి.

ఆన్‌లైన్ మీటింగుల్లో ఏవైనా జాగ్రత్తలున్నాయా?

హాస్టల్ గదిలో ఉంటే గోడకి వీపు పెట్టి కూర్చోండి, వెనక ఆరేసిన బట్టలు కనిపించవు. వెలుతురు ముఖం మీద పడాలి. మాట్లాడనప్పుడు మ్యూట్. స్క్రీన్ షేర్ చేసే ముందు వాట్సాప్ మూసేయండి, మీ అమ్మగారి మెసేజ్ పది మంది చదవాల్సిన పని లేదు.

అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లకు మరో సంగతి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఏటా ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు గంట తేడాతో వస్తారు.

పెద్ద తప్పు చేసేశాను. ఎవరూ చూడలేదు. ఏం చేయాలి?

వెంటనే మీ లీడ్‌కి చెప్పండి. మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి లేదా వెళ్లి చెప్పండి. ఏం జరిగింది, ఎన్ని గంటలకు, ఇప్పుడు పరిస్థితి ఏంటి. క్షమాపణ ఒక్కసారి చాలు. తప్పు జరిగిన పది నిమిషాల్లో తెలిస్తే బ్యాకప్ నుంచి తీసుకోవచ్చు, రెండు రోజులయ్యాక తెలిస్తే దాని మీద ఇంకా పది పనులు జరిగిపోయి ఉంటాయి. మా టీమ్‌లో ఒకమ్మాయి చేరిన మూడో వారంలో టెస్టింగ్ అనుకుని అసలు డేటా చెరిపేసింది. కళ్లలో నీళ్లు పెట్టుకునే వచ్చింది, కానీ వచ్చింది. రాత్రి తొమ్మిదికల్లా అంతా మామూలైంది. ఇవాళ ఆ సిస్టమ్ తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి.

సెలవు ఎలా అడగాలి?

ఎంత ముందు అడిగితే అంత సులువు. సంక్రాంతినే తీసుకోండి, టీమ్‌లో సగం మంది ఊరికి బయల్దేరుతారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నవంబర్ మధ్యలో టికెట్ తీసుకున్న రోజే సెలవూ అడిగేయండి. టికెట్ కొన్నాక జనవరి 10న అడిగితే మేనేజర్‌ని ఇరుకున పెట్టినట్టే. మీరు లేనప్పుడు మీ పని ఎవరు చూస్తారో మీరే మాట్లాడి, అది కూడా రాయండి.

ఒంట్లో బాగోకపోతే పొద్దున్నే ఒక్క లైను చాలు, జబ్బు వివరాలన్నీ అక్కర్లేదు. లేని తాతయ్యని చంపకండి. "ఇంట్లో పని ఉంది" అంటే సరిపోతుంది.

పే స్లిప్ చూస్తే ఏమీ అర్థం కావట్లేదు. 4 లక్షల ప్యాకేజీ అన్నారు, చేతికి అంత రావట్లేదు.

ప్యాకేజీ అని చెప్పేది సీటీసీ, అంటే కంపెనీకి మీ మీద ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ (మీ పేరు మీద కూడే ప్రావిడెంట్ ఫండ్ పొదుపు), గ్రాట్యుటీ (కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము) కింద చూపించే మొత్తం, ఒక్కోసారి ఇన్సూరెన్స్ కూడా ఉంటాయి. అవి నెలనెలా చేతికి రావు.

పీఎఫ్ లెక్క చూడండి. బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూలవేతనం, నెలకు 15,000 అనుకుందాం. మీ జీతం నుంచి 12 శాతం, అంటే 1,800 పోతుంది. కంపెనీ ఇంకో 1,800 వేస్తుంది, అందులో 1,250 పెన్షన్ ఖాతాకి, 550 పీఎఫ్‌కి. ఇది పోయిన డబ్బు కాదు, మీదే. ఇక ప్రొఫెషనల్ ట్యాక్స్, అంటే జీతం మీద రాష్ట్రం తీసుకునే పన్ను: తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ జీతం నెలకు 20,000 దాటితే నెలకు 200.

పీఎఫ్ కోసం మీకు 12 అంకెల యూఏఎన్ నంబరు వస్తుంది. ఎన్ని కంపెనీలు మారినా అదే నంబరు. అందులో మీ పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో మొదటి నెలలోనే చూసుకోండి. ఇంటిపేరు ముందూ వెనకా అవడం మనవాళ్లకు ఎప్పుడూ ఉండే తిప్పలే, తర్వాత సరిచేయించడానికి చాలా తిరగాలి.

అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ పెట్టిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. పెట్టొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఇప్పుడు కంపెనీలు వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది. చేరిన ఏడాదికి దొరికిపోయి, ఒక్క రోజులో లాప్‌టాప్ అప్పగించి బయటికొచ్చిన పిల్లల్ని చూశాను. అప్పటికి ఇంట్లో అప్పులు కట్టడం మొదలుపెట్టి ఉంటారు. డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనే 'బ్యాక్‌డోర్' మాటలూ ఇంతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చోట కూడా ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

పై అధికారి మాటలు, చూపులు ఇబ్బంది పెడుతున్నాయి. ఎవరికి చెప్పాలి?

ఇది భరించాల్సిన విషయం కాదమ్మా. 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మందైనా మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు గడువు ఇస్తారు. విచారణ 90 రోజుల్లో పూర్తి చేయాలి. 10 మంది కంటే తక్కువున్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181.

తేదీ, సమయం, అన్న మాట, ఎవరున్నారు, ఇవన్నీ జరిగిన రోజే సొంత నోటుబుక్కులో రాసుకోండి. మెసేజ్‌లు చెరపకండి. నమ్మకమున్న ఒక సీనియర్ అక్కకైనా అదే రోజు చెప్పండి. అందరి ముందూ అరిచే మేనేజర్ల విషయంలోనూ ఇలా రాసి పెట్టుకోవడం పనికొస్తుంది, హెచ్‌ఆర్ దగ్గర "ఎప్పుడూ తిడతారు" అన్న మాట కంటే మూడు తేదీలు చెప్పడం బలంగా నిలబడుతుంది.

వేరే ఉద్యోగం వచ్చింది. ఎలా మానేయాలి?

ముందు మీ మేనేజర్‌కి నోటితో చెప్పండి, ఆ తర్వాతే మెయిల్. ఆయనకు పక్క టీమ్ నుంచి తెలిసే పరిస్థితి తేవద్దు. నోటీసు పీరియడ్ 60 రోజులో 90 రోజులో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉంటుంది, కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పకముందే అది చదవండి. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలనే బాండ్ రాసి ఉంటే చెల్లదులే అని తోసిపుచ్చకండి. 2025లో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి బాండూ అలాగే చెల్లుతుందని కాదు. సంతకం పెట్టే ముందు మొత్తం ఎంత, ఎన్నాళ్లు అనేది చదువుకోవాలి.

చెప్పాపెట్టకుండా మానేసి ఫోన్ ఆపేయడం మాత్రం చేయకండి. రిలీవింగ్ లెటర్ (మిమ్మల్ని పద్ధతిగా వదిలామని కంపెనీ ఇచ్చే కాగితం) రాదు, తర్వాతి ప్రతి కంపెనీ అదే అడుగుతుంది. చివరి వారాల్లో మీ పనంతా రాసిపెట్టి అప్పగించండి. లాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చినట్టు మెయిల్‌లో రసీదు తీసుకోండి, పే స్లిప్‌లన్నీ సొంత మెయిల్‌కి చేరాయో లేదో ఆఫీసు మెయిల్ మూతపడక ముందే చూసుకోండి. పీఎఫ్ తీసేసుకోకండి, కొత్త ఖాతాకి మార్పించుకోండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేయకపోతే, ఆఖరి పీఎఫ్ జమ అయిన రెండు నెలలకు పీఎఫ్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే వేయండి.